వెనుచూపులమ్మ కోపం

వెనుచూపుల కోనకు బండ్లు పోయే దారి లేదు. మసివాగు పల్లెలో బస్సు దిగి, వాగు వెంబడి ఎగువకు నడిచి, ఎర్రరాతి కొండల నడుమ ఉన్న ఇరుకు సందులోంచి లోపలికి పోవాలి. సందు దాటగానే ఎండ తగ్గుతుంది. మూడు పక్కలా నిట్టనిలువు బండలు, వాటి పాదాన చిన్న మడుగు, మడుగు గట్టున అమ్మవారు. గుడి అనదగిన కట్టడమేమీ లేదు. రాతి స్తంభాల మీద ఒక కప్పు, దాని కింద మనిషి ఎత్తు నల్లరాయి, అంతే. ఆ రాతి ఒళ్లంతా తూర్పుకు తిరిగి ఉంటుంది. మెడ మాత్రం పడమటికి తిరిగి ఉంటుంది. పసుపు పూసినా, కుంకుమ పెట్టినా ఆ ముఖంలో శాంతం కనిపించదు. కొత్తగా వచ్చిన భక్తులు కొందరు ఆ చూపుకు జడుసుకొని పిల్లలను వెనక్కి లాక్కుంటారు. అలా చేయనక్కర లేదు. ఆ కోపం ఎవరి మీదో, ఎందుకో తెలుసుకొని దర్శనం చేసుకుంటే చాలు.

శాంతించు తల్లీ అని ఇక్కడ ఎవరూ వేడుకోరు. హారతి పాటలో కూడా ఆ మాట ఉండదు. ఎందుకు ఉండదో ఈ కథ చెబుతుంది.

పూర్వం ఇక్కడ ఊళ్లు లేవు. నాగలి లేదు, ఇనుము లేదు, మడి లేదు. మనుషులు గుంపులు గుంపులుగా అడవులు పట్టి తిరుగుతూ, రాతి మొనలతో వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ బతికేవారు. అలాంటి కాలంలో ఒకనాడు ఆకాశం నుంచి బూడిద రాలింది. ఏ కొండ పగిలి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆకుల మీద, నీళ్ల మీద, నిద్రపోతున్న పిల్లల కనురెప్పల మీద రాలింది. మసివాగు గట్టు వరదకు కోసుకుపోయిన చోట ఎర్రమట్టి మధ్యలో బూడిదరంగు చార ఒకటి నేటికీ కనిపిస్తుంది. ఆ నాటి బూడిద అదేనని కొండ పెద్దలు చెబుతారు.

బూడిద తిన్న జింకలు పళ్లు ఊడి చచ్చాయి. మడుగులు బురదగా మారి, ఆ బురద కూడా ఎండిపోయింది. పడమటి మైదానంలో బతికే ఒక గుంపు తూర్పుకు బయలుదేరింది. పక్షులు అటే పోతున్నాయి కాబట్టి అటు నీళ్లుంటాయని వారి ఆశ. గుంపుకు పెద్ద ఎలుగు అనేవాడు. ఎలుగుబంటి వంటి భుజాలు గలవాడని ఆ పేరు. అతని అక్క పేరు ఇప్పి. తల్లి పోయినప్పుడు ఎలుగు పాలు తాగే పసివాడు. ఇప్పి వాణ్ణి చంకనెత్తుకొని, తాను నమిలిన దుంప వాడి నోట్లో పెట్టి పెంచింది. ఆమెకు ఇప్పుడు తన సొంత బిడ్డ ఉంది, గువ్వ అని చిన్న పిల్ల. పిల్ల తండ్రి బూడిద రాలిన కొత్తల్లోనే దగ్గి దగ్గి పోయాడు.

ఆ గుంపుకు పాతకాలం నుంచి ఒక కట్టు ఉంది. నడవలేనివారు గుంపుకు బరువు. వారి ముందు నిప్పు రగిల్చి, గుప్పెడు తిండి పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. చూస్తే కాలు ఆగుతుందని, ఒక కాలు ఆగితే గుంపంతా ఆగుతుందని వారి నమ్మకం.

ఎర్రకొండల పడమటి అంచున ఒక అడవిపంది పొదలోంచి దూసుకొచ్చి ఇప్పి తొడను చీల్చింది. ఎలుగు దాన్ని పొడిచి చంపాడు. గుంపుకు చాలా రోజుల తర్వాత మాంసం దొరికింది. అందరూ తిన్నారు. తెల్లవారి ఒక బండ నీడన నిప్పు రగిలించి, ఇప్పి ముందు కాల్చిన మాంసం ముక్క పెట్టారు. ఆమె పక్కనే కళ్లు సరిగా కనిపించని పుల్లవ్వ అనే ముసలామెను కూడా కూర్చోబెట్టారు.

ఇప్పి మాంసం వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూసింది.

"కాలు మానుతుందిరా. కొన్నాళ్లు ఆగు," అంది.

"ఆగితే పిల్లలు చస్తారక్కా. నీళ్లు లేవు."

"నిన్ను నేను మోశాను."

ఎలుగు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మనం ఎందరిని వదిలి వచ్చాం? నువ్వు కూడా ఎన్నడూ వెనక్కి చూడలేదు కదక్కా."

ఆ మాట నిజమే. నిజం కావడమే ఇప్పికి మరింత మంట పుట్టించింది. అతను గువ్వను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పిల్ల అమ్మా అని ఏడుస్తూ వెనక్కి తిరిగితే పక్కన నడిచే ఆడమనిషి ఒకామె చేత్తో పిల్ల కళ్లు మూసింది. ఇప్పి లేవబోయి పడింది. చేతికందిన రాయి తీసి తమ్ముడి వీపు మీదికి విసిరింది. అది అతనికి తగలలేదు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

"ఏడవకే," అంది పుల్లవ్వ. "కట్టు కట్టే. మనకు ముందు ఎందరో ఇట్లనే కూచున్నారు."

"నేను ఏడవడం లేదవ్వా. నాకు కోపంగా ఉంది."

"కోపం ఎవరి మీద?"

"నిప్పు రగిలించి పోయిన చేతుల మీద. తలొంచుకొని కూచున్న నీ మీద. ఇన్నాళ్లు నోరు మూసుకొని నడిచిన నా మీద."

ఆ కోపమే ఆమెను బతికించిందని పెద్దలు అంటారు. ఆ మధ్యాహ్నమే దుమ్ములగొండ్లు వాసన పట్టి వచ్చాయి. ఇప్పి కాలుతున్న కొమ్మ పట్టుకొని, బండకు వీపు ఆనించి, గొంతు పగిలేలా అరుస్తూ వాటిని తరిమింది. గాయానికి ఈగలు ముసిరి పురుగు పట్టింది. పుల్లవ్వ దాన్ని తడిమి చూసి, "పురుగును ఉండనీ, కుళ్లు అదే తింటుంది," అంది. ఇప్పి పళ్లు బిగబట్టి ఉండనిచ్చింది. దాహానికి పుల్లవ్వ ఆమెను నల్లమద్ది చెట్ల దగ్గరికి పాకించింది. మాను ఉబ్బిన చోట రాతితో కొడితే సన్నటి ధారగా నీరు చిమ్మింది. పుల్లగా, వగరుగా ఉన్న ఆ నీళ్లు ఇద్దరూ నోరు ఆనించి తాగారు. పంది తల, కాళ్లు గుంపు పారేసిపోయిన చోట ఎముకలు పగలగొట్టి మూలుగ తిన్నారు. కాలు పూర్తిగా నయం కాలేదు. అయినా పంగల కర్ర ఒకటి చంకలో పెట్టుకొని నిలబడగలిగిన రోజున ఇప్పి అంది, "పదవ్వా. నా బిడ్డను తెచ్చుకోవాలి. వాణ్ణి చంపాలి."

"ఏది ముందు?"

 ఇప్పి మరో కర్ర ఒక కొన తాను పట్టుకొని, రెండో కొన ముసలామె చేతికిచ్చి నడక మొదలుపెట్టింది.

నీళ్లు వెతుకుతూ కొండల్లో చుట్లు తిరిగిన గుంపు అడుగుజాడలు బూడిదలో స్పష్టంగా ఉన్నాయి. ఆ జాడల వెంట పోతూ పోతూ వారు ఒక చల్లారిన నిప్పు దగ్గరికి చేరారు. దాని పక్కన ఇప్పికీ, ఎలుగుకీ మేనమామ అయినవాడు చచ్చి పడి ఉన్నాడు. ఎలుగుకు ఈటె విసరడం నేర్పినవాడు అతనే. తిండి ముట్టుకోలేదు. పాకడానికి ప్రయత్నించినట్టు మోచేతులు తోలూడి ఉన్నాయి. ముఖం గుంపు పోయిన దిక్కుకే తిరిగి ఉంది. ఇప్పి కర్ర పారేసి కూలబడింది. అతని మీద రాళ్లు పేర్చడానికి ఇద్దరికీ మిగిలిన పొద్దంతా పట్టింది. ఒక్కో రాయి పెడుతూ ఇప్పి తమ్ముడి పేరు పలికింది. అది ఏడుపులా లేదు, తిట్టులా ఉంది.

ఆ తర్వాతి నిప్పు దగ్గర నేరేడి అనే పడుచు దొరికింది. నిండు గర్భిణి. నొప్పులు మొదలై నడవలేకపోతే ఆమెను కూడా కూర్చోబెట్టి పోయారు. వీరు చేరేసరికి ఒంటరిగా కని, బొడ్డు పళ్లతో కొరికి, బిడ్డను రొమ్ముకు అదుముకొని వణుకుతూ ఉంది. వీరిని చూసి చచ్చినవాళ్లు వచ్చారనుకొని కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువే," అంది ఇప్పి. "మేము చావలేదు. లే."

"లేవలేను అక్కా. మీరు పోండి. కట్టు అదే కదా."

ఇప్పికి ఒళ్లు మండింది. నేరేడి జబ్బ పట్టుకొని గట్టిగా కుదిపింది. "ఆ మాట ఇంకొకసారి అనకు. నువ్వు లేచేదాకా మేము ఇక్కడే కూచుంటాం. దుమ్ములగొండ్లు వస్తే అందరినీ కలిపి తింటాయి."

వారు కూర్చున్నారు. నేరేడి లేచేదాకా కూర్చున్నారు. మనుషులు ఒకరి కోసం ఒకరు ఆగడం ఈ కొండల్లో అప్పుడే మొదలైందని పెద్దలు చెబుతారు. అది జాలితో మొదలుకాలేదు. ఈ సంగతి భక్తులు గుర్తుంచుకోవాలి.

ఇక వారి నడక నత్తనడక అయింది. ఇప్పి కుంటుతుంది, పుల్లవ్వ తడుముకుంటుంది, నేరేడి బిడ్డకు పాలివ్వడానికి మాటిమాటికీ కూలబడుతుంది. ఒకనాడు ఎర్రకొండల నడుమ నల్లమద్దులు కూడా లేని చోట, పెదవులు పగిలి, బిడ్డకు పాలు కూడా రాక ఒక బండ మీద కూర్చుండిపోయారు. గుంపు అడుగుజాడలు ఆ బండ మీదుగానే ముందుకు, పైనున్న పీఠభూమి వైపు పోయాయి. ఎక్కడా ఆగిన గుర్తు లేదు.

అప్పుడు పుల్లవ్వ చెయ్యి ఎత్తింది. "ఉష్. కదలకండి. ఊపిరి కూడా మెల్లగా తీయండి."

బండ కింద ఎక్కడో, చాలా లోతున, చుక్క పడుతున్న చప్పుడు. కొంచెం ఆగి మరో చుక్క. నడిచే కాళ్ల సద్దులో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. ఇప్పి పాకుతూ అంచుకు పోయి కిందికి చూసింది. తేనెటీగలు ఒక ఇరుకు సందులోకి పోయి వస్తున్నాయి. ఆ సందులో చొరబడితే ఈ కోన బయటపడింది. బండ పగులులోంచి ఊరే నీరు, బూడిద తగలని నీడలో, నల్లగా, చల్లగా మడుగు కట్టి ఉంది. పుల్లవ్వ నీళ్లలో ముఖం పెట్టి చాలాసేపు తీయలేదు. నేరేడి నవ్వింది. ఇప్పి మాత్రం తాగీ తాగగానే తల పైకెత్తి బండ అంచు చూసింది. గుంపు ఈ నీళ్ల నెత్తి మీదుగా నడిచి పోయింది. గువ్వ దాహంతోనే ఇక్కడి నుంచి దాటిపోయింది. ఒక్క మనిషి కోసం ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. అది తలచుకున్నకొద్దీ ఆమె కోపం రాజుకుంది.

గుంపుకు కనబడేలా ఆమె కోన నోట్లో పచ్చి ఆకులతో పొగ పెట్టింది. ఆ పొగ ఆరకుండా రోజూ చూసుకుంది. ఒక వెదురు గడ మొన నిప్పులో కాల్చి, రాతికి నూరి ఈటె చేసుకుంది. పుల్లవ్వ ఆ నూరుడు వింటూ ఉండేది.

పీఠభూమి మీద నీళ్లు లేవు. పొగ చూసి గుంపు వెనక్కి తిరిగింది. ఎన్నడూ వెనక్కి చూడని గుంపు, చావు మీదికి వచ్చాక చూసింది. ఎండ నిలువుగా ఉన్న వేళ కోన సందు దగ్గరికి తూలుతూ వచ్చారు. ముందు ఎలుగు. భుజాలు ఎండి ఎముకలు తేలాయి. ఆ భుజాల మీదే గువ్వ ఉంది. తన వాటా నీళ్లు, తిండి కూడా అతను పిల్లకే పెడుతూ వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది.

సందుకు అడ్డంగా ఇప్పి ఈటె పట్టుకొని నిలబడి ఉంది. ఎలుగు ఆమెను చూసి మోకాళ్ల మీద పడ్డాడు. పిల్లను దించాడు. గువ్వ తల్లిని చూసింది. అమ్మ చచ్చిపోయిందని అందరూ చెప్పి ఉన్నారు. పిల్ల బెదిరి మేనమామ వెనక దాక్కుంది.

ఆ క్షణాన ఇప్పి ఈటె మొన తమ్ముడి గొంతుకు ఆనింది. అతను పక్కకు జరగలేదు.

"పిల్లను తాగనివ్వక్కా," అన్నాడు. "తర్వాత నీ ఇష్టం."

ఇప్పి పిల్లకు దారి ఇచ్చింది. గువ్వ పరుగెత్తి మడుగులో పడినట్టే తాగింది. తాగి, దోసిట నీళ్లు పట్టుకొని, వేళ్ల సందుల్లోంచి కారిపోతుండగా మామ దగ్గరికి తెచ్చింది. ఇప్పి పిల్ల చెయ్యి పట్టి ఆపింది. నీళ్లు నేల మీద పడ్డాయి.

"నీ వెనక ఎవరున్నారు?" అని అడిగింది తమ్ముణ్ణి.

అతనికి మొదట ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత అయింది. "పైన కొందరు పడిపోయారు. నడవలేరు."

"నిప్పు పెట్టి వచ్చావా?"

"పెట్టడానికి నిప్పు కూడా లేదు."

"పోయి తీసుకురా."

"వాళ్లు బతకరక్కా."

"నేను కూడా బతకనన్నావు."

ఎలుగు ఆమె కాలు చూశాడు. తొడ మీద గుంట పడిన మచ్చను, చంకలోని కర్రను చూశాడు. వెనక నిలబడినవారిలో ఒకడు, ఒక్క గుక్క తాగి పోతామని గొణిగాడు. ఇప్పి ఈటె అతని వైపు తిరిగింది. "నిలబడగలిగినవాళ్లంతా నడవగలరు. పడిపోయినవాళ్లకే ముందు నీళ్లు. వాళ్ల నోరు తడిసేదాకా ఈ మడుగు మీది కాదు." పుల్లవ్వ పక్కనున్న సొరబుర్ర నింపి ఎలుగు చేతికిచ్చింది. "ఇది నీకు కాదు," అంది ఇప్పి. "దారిలో ఒక్క చుక్క నీ గొంతు దిగినా నాకు తెలుస్తుంది."

వారు పోయారు. దాహంతో వచ్చిన దారినే దాహంతో పోయారు. పొద్దు వాలుతుండగా ఒకరిద్దరిగా, పడినవారిని వీపున వేసుకొని దిగసాగారు. తెచ్చినవారిని తెచ్చినట్టే ఇప్పి నీళ్ల దగ్గర పడుకోబెట్టి తడి ఆకుతో పెదవులు తడిపింది. వారికి తాపాకే మోసినవారిని తాగనిచ్చింది. అందరి కంటే చివర ఎలుగు వచ్చాడు. అతని భుజం మీద ఒక ముసలివాడు. సందు దాటి లోపలికి వచ్చి దించేసరికి ముసలివాడి ఒళ్లు చల్లబడి ఉంది. దారిలోనే ప్రాణం పోయింది. ఆ సంగతి మోస్తున్నవాడికి తెలుసు. తెలిసి కూడా దించలేదు. సొరబుర్రలో సగం నీళ్లు అలాగే ఉన్నాయి.

ఇప్పి ముసలివాడి కళ్లు మూసింది. తమ్ముడి వైపు చూడకుండానే, "తెచ్చావు కదా. ఇప్పుడు తాగు," అంది.

అదే ఆమె అతనితో మాట్లాడిన చివరి మాట. అక్క తమ్ముణ్ణి క్షమించిందని కొన్ని ఊళ్లలో కథ చెబుతారు. ఈ స్థలంలో అలా చెప్పరు. ఎలుగు ఆమె చుట్టూ తిరిగి, ఆమె పొయ్యికి పుల్లలు తెచ్చి, ఆమె కుంటి నడక వెనకే నడుస్తూ ముసలివాడయ్యాడు. గువ్వ మెల్లమెల్లగా తల్లికి చేరువైంది. రాత్రులు మాత్రం మామ వీపుకు ఆనుకొనే నిద్రపోయేది. ఇప్పి దాన్ని చూసి ఊరుకుంది. పాత కట్టు పోయింది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవారే ముందు నడవాలన్నది కొత్త కట్టు. దాన్ని మీరడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఇప్పి పోయాక ఎలుగు ఒక నల్లరాతిని దొర్లించుకొచ్చి మడుగు గట్టున నిలబెట్టాడు. గుంపును నడిపిన తల్లి కదా అని రాతిలో ముఖం తూర్పుకు, ముందుదారికి చూసేట్టు చెక్కబోయాడు. ఆ రాత్రి కలలో ఆమె కనిపించింది. అన్నేళ్ల తర్వాత అదే మొదటి పలుకు. "నా ముఖం వెనకబడినవాళ్ల వైపు తిప్పరా," అంది. మళ్లీ చెప్పలేదు. కలలో కూడా ఆమె కళ్లు ఎర్రగానే ఉన్నాయట. తెల్లవారి అతను చేతులు పగిలి రక్తం కారుతున్నా ఆపకుండా మెడ పడమటికి తిప్పి చెక్కాడు. అలా అమ్మ ఇక్కడ వెలసింది. వెనుచూపులమ్మ అని పేరు వచ్చింది.

ఏటా వైశాఖంలో, ఎండలు నిప్పులు చెరిగే రోజుల్లో, అమ్మకు జాతర జరుగుతుంది. పల్లె నుంచి కోనకు నడిచే వరుసలో కుంటివారు, ముసలివారు, చూలింతలు, బాలింతలు ముందుంటారు. వారిని దాటి ఎవరూ నడవకూడదు. తప్పెట కూడా వారి అడుగుకే మోగుతుంది. పిల్లలు వదిలేసినవారు, కట్టుకున్నవాడు వదిలేసినవారు, ఒళ్లు సహకరించడం లేదని పనిలోంచి తీసేసినవారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అమ్మ ముందు నిలబడి తమ కోపం చెప్పుకుంటారు. గట్టిగానే చెప్పుకుంటారు. తిట్లు వినపడినా పూజారులు వారించరు. అమ్మకు ఇక్కడ పూలకన్నా, టెంకాయలకన్నా అదే ఇష్టమైన నైవేద్యం. చెప్పుకొన్నవారికి కాళ్లలో బలం వస్తుందని, వదిలిపోయినవారు ఎదురుపడ్డప్పుడు గొంతు తడబడదని నమ్మకం.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దమనిషి అనుచరులతో వచ్చి, వరుసను పక్కకు నెట్టి నేరుగా మడుగు దగ్గరికి పోయాడు. పూజారిణి ఈరమ్మ తీర్థం పాత్ర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యా, మిమ్మల్ని ఇంత దూరం తెచ్చిన డ్రైవరు ఏడి?"

"కింద, జీపు దగ్గర ఉన్నాడు."

"పిలుచుకొని రండి. ముందు ఆయనకు ఇస్తాను."

అతను ఏదో గద్దించి, తీర్థం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఈరమ్మ ఇంకొకరిని పంపి డ్రైవరుకు నీళ్లు అందేలా చూసింది.

తీర్థం పంచడంలో ముందొచ్చినవారికి ముందు అన్న క్రమం లేదు. దారిలో ఆగిపోయి చివర చేరినవారికే ముందు ఇస్తారు. బలవంతులు కోన చేరాక మళ్లీ కిందికి దిగి, వరుసకు అందక దారిలో ఆగిపోయినవారిని ఎత్తుకొని వస్తేనే తీర్థానికి అర్హులు. అందరూ తాగాక, పొద్దు కుంకే ముందు, ఈరమ్మ కోన నోట్లో నిలబడి దారి వైపు తిరిగి కేకేస్తుంది.

"వెనక ఎవరన్నా ఉన్నారా?"

తప్పెట ఆగుతుంది. జనం మాటలు ఆపేస్తారు. పొద్దుటి నుంచి ఈరమ్మ ఒక్క చుక్క తాగి ఉండదు. బదులు రాకపోతే వచ్చి మడుగులో దోసిలి పెడుతుంది. కింద ఎక్కడి నుంచైనా ఒక సన్నటి గొంతు పలికితే, ఆ దాహంతోనే దిగి పోతుంది.